వెనుకసీటుమీద కోటిపల్లి యాత్ర

యాత్రలనుగూర్చి వ్రాయు సోదరీమణులు కాశికో, బదరికో, రామేశ్వరమునకో పోయివచ్చి వ్రాయుట పరిపాటి. మేము పోయివచ్చినది రాజమహేంద్రవరమునుండి కోటిపల్లి రేవువఱకు మాత్రమే. ఉదయమున బయలుదేఱి దీపాలవేళకు ఇల్లు చేరితిమి. రానుపోను 120 కిలోమీటర్లకు అటునిటుగా నుండును. "దీనికి కూడా వ్యాసమా?" యని మావారు నవ్విరి. అయినను పోయినది 30 మోటారుసైకిళ్ళ జట్టుతో. మా యింటనో, 12 ఏండ్లుగా ఆ వాహనము పేరెత్తినవారు లేరు. అందుచే వ్రాయుచున్నాము.

ఆ 12 ఏండ్ల మాట ముందుగా చెప్పవలెను. మా అన్నయ్య మోటారుసైకిలుమీదనుండి పడి పోయినాడు. వేగముగా పోవుచుండలేదు, త్రాగలేదు, ఎవరితోను పందెము వేసికొనలేదు. సంజవేళ వీధిచివరి కొట్టునకు పంచదారకై పోయి తిరిగివచ్చుచుండగా గేదె యొకటి అడ్డము వచ్చినది. హెల్మెట్టు లేకపోలేదు. అది తలమీద గాక బండి అద్దపు కొమ్మకు వ్రేలాడుచుండెను. బండితోపాటు దానినిగూడ ఎవరో తెచ్చి మా యరుగుమీద పెట్టిపోయిరి. దానిమీద ఒక్క గీతయైనను లేదు. మా అమ్మ దానిని తన పాతచీరలో చుట్టి అటకమీద పెట్టించినది. నాటినుండి ఏటేట సంక్రాంతికి అటక దులుపునపుడు ఆ మూటను తుడిచి మరల అచ్చటనే యుంచుట మా పని. ఆమె ఇప్పుడు మాయొద్దనే యున్నది.

మావారు ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు. ఇంతకాలము సైకిలుమీదనో బస్సులోనో పోయివచ్చుచుండెడివారు. నిరుడు ఆ బడి డ్రిల్లు మాష్టారు ఉద్యోగవిరమణ చేయుచు తన పాత బుల్లెట్టును వీరికి చవుకగా ఇచ్చివేసినారు. ఈ బుల్లెట్టు పేరు ఇంగ్లండులో 1932లో పుట్టినది. 1955నుండి మదరాసులో తయారగుచు వచ్చినది. వీరు తెచ్చినది పాతకాలపు తీరుది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఒక్క తన్నుతో కదలునది కాదు. ముందుగా ఒక చిన్న మీట నొక్కిపట్టి, ఆంపియరు ముల్లు నడిమికి వచ్చువఱకు కిక్కును మెల్లగా త్రొక్కి, అటుపిమ్మట ఒక్క ఊపున తన్నవలెను. ముల్లు నడిమికి రాకమునుపు తన్నినచో అది కాలిని ఎదురు తన్నును. ఈ ప్రకరణమంతయు మావారు మాకు ఎంతో యుత్సాహముతో బోధించిరి. మేము ఆ మూడు నెలలు వారితో అవసరమునకు మించి మాటాడలేదు. బండి చప్పుడు వీధిమొగమున వినబడగనే మా అమ్మ లేచి పెరటిలోనికి పోవుచుండెను.

తరువాత వారొక క్లబ్బులో చేరిరి. అందు వైద్యులు, బ్యాంకు గుమాస్తాలు, ఒక రైసుమిల్లు యజమాని, సాఫ్టువేరు కొలువులుచేయు కుఱ్ఱవారు కలరు. కళాశాలలో వృక్షశాస్త్రము చెప్పు నొక లెక్చరరు తన బండిని తానే నడుపుకొని వచ్చును. నెలకొక ఆదివారము ఎచటికైన పోయివత్తురు. పందెములు, విన్యాసములు వారికి నిషిద్ధములట. మార్గశిరములో మాత్రము భార్యాపిల్లలతో పోవు ఆనవాయితీ యున్నది. మావారు పోవుట నిశ్చయమని తెలిసినపిమ్మట మేము రెండు రాత్రులు ఆలోచించితిమి. ఇంట కూర్చుండి సెల్లుఫోనువంక చూచుచు సాయంకాలమువఱకు గడపుటకంటె వెనుకసీటుమీద నుండుటయే మేలని తోచినది. ధైర్యముచేత గాదు సుమా, భయముచేతనే బయలుదేఱితిమి.

అమ్మతో ద్రాక్షారామము పోవుచున్నామని చెప్పితిమి. ఎట్లు పోవుచున్నారని ఆమె అడుగలేదు, మేమును చెప్పలేదు. అశ్వత్థామనుగూర్చి ధర్మరాజు పలికిన మాటవంటిదే అది. భారతము చదువుకొన్నందుకు మాకు కలిగిన ఫలములలో, ఇట్టి సందర్భమున మనస్సు గుచ్చుకొనుట యొకటి.

ఇక కట్టుబట్ట సంగతి. మేము చీరకట్టి ఒకప్రక్కకు కూర్చుండి పోవచ్చునని తలంచితిమి. లెక్చరరుగారు ఫోనులో ఒప్పుకొనలేదు. ఒకప్రక్క కూర్చున్నపుడు బరువు ఒకవైపునకే పడును. మలుపులో నడుపువానితో కూడ ఒరుగుటకు వీలుండదు. చెంగు చక్రములో పడెనా, అంతే. ఈ చీరచెంగుకొఱకు మన దేశములో చట్టమే యున్నదని ఆమె చెప్పగా ఆశ్చర్యపడితిమి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 123వది చూడుడు. వెనుక కూర్చున్నవారికి చేతిపట్టు, కాలిపట్టు నుండవలెననియు, వారి బట్టలు చిక్కుకొనకుండ వెనుకచక్రములో సగమునకు తక్కువకాకుండ కప్పుచుండవలెననియు అందు గలదు. ఈనాటి కుఱ్ఱవారు అందము చెడునని ఆ జాలీని ఊడబీకి పారవేయుచున్నారు. మన యింటి బండికి అది యున్నదో లేదో సోదరీమణులు ఒకసారి లేచి చూచుకొనవలెనని మనవి.

చున్నీయును ప్రమాదమేనట. అందుచే పైజమా, మోకాళ్ళు దాటు కుర్తా, దానిపై మావారి పాత కోటు తొడిగి బయలుదేఱితిమి. ఎదురింటివారు చూచి ముసిముసి నవ్వులు నవ్విరి. 1916లో అమెరికాలో అగస్టా, అడెలీన్ అను వాన్ బ్యూరెన్ అక్కచెల్లెండ్రు బ్రూక్లిన్‌నుండి పడమటి సముద్రమువఱకు చెఱియొక మోటారుసైకిలుమీద పోయిరట. త్రోవలో వారిని పోలీసులు పట్టుకొన్నది వేగమునకు గాదు, పురుషులవలె దుస్తులు ధరించినందుకట. దానితో పోల్చినచో ఎదురింటి నవ్వు ఏపాటిది? నిజమునకు మన అమ్మమ్మల గోచికట్టే యుండినచో ఈ కోటు ప్రసక్తియే లేకపోయెడిది.

అందఱము ధవళేశ్వరము బరాజి దగ్గఱ కలిసికొంటిమి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టించి 1852 నాటికి పూర్తిచేయించిన ఆనకట్టకు బదులు తరువాతి కాలమున కట్టినది ఈ బరాజి. గోదావరిమీద మంచు తెరలుతెరలుగా నుండెను. కార్యదర్శిగారు అందఱిని వలయముగా నిలిపి పావుగంట మాటాడిరి. మేము వేడుకకని పోయితిమి గాని అది పెండ్లిపురోహితుని పట్టికవలె నుండెను. ముందుబండి యొకటి, దానిని ఎవరును దాటరాదు. కట్టకడపటి బండి యొకటి, దాని వెనుక ఎవరును మిగులరాదు. ఆ బండి ఒక వైద్యునిది, ఆయనయొద్ద మందులపెట్టె యుండును. క్రొత్తవారు ముందుబండి వెనుకనే యుండవలెను. నడుమ పోవువారు ముగ్గుచుక్కలవలె, ఒకరు రోడ్డు కుడివైపు, ఒకరు ఎడమవైపుగా పోవలెను. తన వరుసలో ముందున్నవాడు ఒక స్తంభము దాటినపిమ్మట "ఒకటి, రెండు" అని లెక్కించునంత వ్యవధి యుండి తాను ఆ స్తంభము దాటవలెను. మావారు వెంటనే లెక్కకట్టి, గంటకు 54 కిలోమీటర్ల వేగమున సెకనుకు 15 మీటర్లు పోదుమనియు, రెండు సెకనులనగా 30 మీటర్లనియు మా చెవిలో చెప్పిరి. ప్రతివాడును తన వెనుకవానిని అద్దములో చూచుచుండవలెను. వెనుకవాడు కనబడనిచో ఆగవలెను. అట్లు ఒకరి వెనుక నొకరు ఆగుచుపోగా ఆ వార్త ముందుబండికి చేరును. ఈ చివరి నియమము మాకు మిక్కిలి నచ్చినది.

కుడిచేయి ఎప్పుడును పెట్రోలు పిడిమీదనే యుండును గనుక సైగలన్నియు ఎడమచేతివే. పిడికిలి పైకెత్తిన ఆగుమని. వ్రేలు నేలకు చూపిన గుంటయో బురదయో యున్నదని. ఒక వ్రేలు ఎత్తిన ఒకే వరుసకు రమ్మని. నాట్యశాస్త్రములోని హస్తములకు ఇన్ని ప్రాణములు ఆధారపడి యుండవు గదా యనుకొంటిమి.

బండి కదలినది మొదలు కడియమువఱకు మేము కన్నులు మూసికొనియే యుంటిమి. మావారి కోటు వెనుకభాగమును ఎంత గట్టిగా పట్టుకొంటిమో, ఆయన రెండుసార్లు "ఊపిరాడటం లేదు" అని చెప్పవలసివచ్చెను. కన్నులు తెఱచినది వాసనచేతనే. కడియపులంక నర్సరీలు ప్రక్కన రాగా చామంతి, తడిమట్టి, పేడయెరువు కలిసిన చల్లనివాసన హెల్మెట్టు అద్దము క్రిందినుండి లోపలికి వచ్చినది. కారులో ఎన్నిసార్లు ఆ త్రోవను పోలేదు? అద్దములు బిగించి పోయినవారికి ఆ వాసన దొరకదు. ప్రక్కన కాలువ; గట్టున ఇటుక అరచి బట్టలు ఉదుకు స్త్రీలు; మావంటి స్త్రీ వెనుక కూర్చున్నదని చూచి వారిలో ఒకతె చేయి ఊపినది. మేము ఊపలేదు. పట్టు విడిచినగదా!

మలుపులలో ఒరుగుట కష్టముగా తోచెను. బండి ఎడమకు వ్రాలిన మా దేహము తనంతట తాను కుడికి లాగెడిది. ద్వారపూడి దగ్గఱ ఆగినపుడు లెక్చరరుగారు, "ఎటు తిరుగుతున్నారో ఆ వైపు భుజం మీదుగా రోడ్డు చూడండి, మిగతాది ఒళ్ళే చేసుకుంటుంది" అనిరి. అట్లే చేసితిమి. అంతటితో బండి తేలికపడినదని మావారే చెప్పిరి. 15 ఏండ్ల కాపురములో వారు చూచువైపునకే మేమును చూచినది ఎన్నిసార్లో లెక్కించినచో చేతివ్రేళ్ళు చాలును.

మండపేటలో పెసరట్టు, ఉప్మా. రామచంద్రపురము దాటి ద్రాక్షారామము చేరుసరికి పది గంటలు. భీమేశ్వరుని గుడి కోటవలె నుండును. లింగము రెండంతస్తుల యెత్తుగా నుండుటచే అభిషేకము మేడమీదనే జరుగును. శ్రీనాథుని భీమేశ్వర పురాణమును మా తాతగారు మా పదునాల్గవయేట చదివించిరి. ఈ ఊరును ఎన్నో పద్యములలో విహరించినను, చెప్పులతోపాటు ముప్పది హెల్మెట్లు గుడివాకిట కుప్పపోసి, వాటికి ఒక పిల్లవానిని కాపు పెట్టి, లోనికి పోయిన భక్తులను మాత్రము ఆ పద్యములలో చూచియుండలేదు. దర్శనము బాగుగా జరిగినది. మాణిక్యాంబకు కుంకుమార్చన చేయించి, మావారి పేరుతోపాటు అన్నయ్య పేరును చెప్పబోయి ఆగితిమి.

ద్రాక్షారామమునుండి కోటిపల్లి త్రోవ సన్నము. ఇరువైపుల కోసిన వరిచేలు. కోతలకాలము గనుక రోడ్డు సగభాగమున వడ్లు ఆరబోసియుండిరి. వాటిచుట్టు వాహనములు ఎక్కకుండ రాళ్ళు. ముందుబండి వ్రేలు ఎత్తెను. అందఱము ఒకే వరుస అయితిమి. మాకు రెండు బండ్ల ముందర సాఫ్టువేరు కుఱ్ఱవాడొకడు పోవుచుండెను. ఎదురుగా ట్రాక్టరు వచ్చుటచే అతడు ఒక జానెడు ఎడమకు జరిగినాడు. వడ్లమీద చక్రము పడగనే, నీళ్ళమీద పీటవలె బండి జాఱిపోయినది. అతడు తల గట్టురాతికి తగులునట్లు పడినాడు. ఆ చప్పుడు మాకు వినబడినది.

మావారు పిడికిలి ఎత్తిరి. వెనుకవారు ఆగిరి, వారి వెనుకవారును ఆగిరి. మేము ఎట్లు దిగితిమో తెలియదు. పరుగెత్తితిమి గాని మూడడుగుల దూరమున కాళ్ళు నిలిచిపోయినవి. కడపటి బండి వైద్యులు వచ్చువఱకు ఎవరును అతని హెల్మెట్టు ముట్టవలదని కార్యదర్శిగారు కేకవేసిరి. వైద్యులు మోకాళ్ళమీద కూర్చుండి అతనితో మాటాడించి, వ్రేళ్ళు కదలింపించి, పిమ్మట ఒకరు మెడను క్రిందినుండి పట్టుకొనియుండగా ఒకరు మెల్లమెల్లగా దానిని తీసిరి. తల చెక్కుచెదరలేదు. భుజపుటెముక మాత్రము విఱిగినది. హెల్మెట్టును ఎవరో మాచేతికిచ్చిరి. ఎడమప్రక్క పైపెంకు నిలువున పగిలి, లోపలి తెల్లని నురుగు పలక నలిగి నొక్కుకుపోయి యుండెను. ఆ నొక్కులో మా బొటనవ్రేలు పట్టినది. దానిని ఎంతసేపు పట్టుకొని నిలుచుంటిమో!

ఇంతలో వడ్లు ఆరబోసిన స్త్రీ పొలములోనుండి పరుగున వచ్చినది. ఏబదియేండ్లదై యుండును. "మా వడ్ల మూలానే పడ్డాడు బాబూ, నా తండ్రి, ఏమయ్యిందో" అని తలబాదుకొనుచుండెను. జట్టులో ఒకరు, "రోడ్డేమైనా మీ కళ్ళమా?" అని గద్దించిరి. ఆ మాటలో తప్పు లేదు. కాని ధాన్యములో తేమ నూటికి 17 పాళ్ళకు మించినచో కొనుగోలుకేంద్రమువారు మద్దతుధరకు తీసికొనరు; కళ్ళములు ఇండ్లస్థలములైపోయినవి; మబ్బు పట్టకమునుపు ఆరవలెనన్న ఆమెకు వేడెక్కు తారురోడ్డు తప్ప వేఱొకటి లేదు. గద్దించినవారు ఇంకను ఏమో అనబోవుచుండగా మేము అడ్డుపడి ఆమె చేయి పట్టుకొని, "పిల్లవాడు బాగానే ఉన్నాడమ్మా" అంటిమి. ఆ చేయి వణకుచుండెను.

ఒకసంగతి ఇంతవఱకు చెప్పలేదు. అన్నయ్య పోయిన పదునొకండవనాడు ఆ గేదె యజమాని మా వాకిట వచ్చి నిలుచుండెను. చేతిలో ఏదో మూట. ఒక మాటయైన అనలేదు. తలుపు వేసినది మేమే.

108 వాహనములో ఆ పిల్లవానిని పంపి, తోడుగా ఇద్దఱు పోయిరి. మిగిలినవారు, గద్దించినాయనతో సహా, రోడ్డుమీద చెల్లాచెదరైన వడ్లను చేతులతో ఊడ్చి కుప్పచేసిరి. బూట్లతో, చేతితొడుగులతో ముప్పదిమంది వడ్లు ఎత్తుచుండగా ట్రాక్టరువాడు దిగి చూచుచు నిలుచుండెను. ఆమె అందఱికి మజ్జిగ తెచ్చి యిచ్చినది.

జట్టు వెనుక ఒక కారు వచ్చుచుండెను. మావారు, "నువ్వు కారులో వెళ్ళు. నేను నెమ్మదిగా వస్తాను" అనిరి. వారి ముఖము పాలిపోయి యుండెను. వారు మమ్ము తీసికొని వచ్చినందుకు పశ్చాత్తాపపడుచున్నారని తెలిసినది. మేము ఏమియు అనక హెల్మెట్టు పెట్టుకొని, పట్టీ బిగించి, ఆయన పట్టీనిగూడ లాగిచూచి వెనుక కూర్చుంటిమి. కారులో పోవుటకు మాకు అంతకంటె భయము వేసినది.

కోటిపల్లి రేవులో అన్నము పొట్లములు విప్పితిమి గాని ఎక్కువమంది తినలేదు. గౌతమి ఆవలి యొడ్డునకు పంటు పోవుచుండెను. అందు మోటారుసైకిళ్ళు, మేకలు, బడిపిల్లలు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ ఊరి రైలుపట్టాలు ఊడదీసికొనిపోయిరనియు, 2004లో మరల వేసిరనియు మిల్లు యజమాని చెప్పుచుండగా వింటిమి. తిరుగు ప్రయాణమున ఎవరును గంటకు 40 దాటలేదు. ఈసారి కాలువగట్టున చేయి ఊపిన పిల్లలకు మేమును చేయి ఊపితిమి.

ఇల్లు చేరి కోటు విప్పి దులుపగా జేబులోనుండి వడ్లగింజలు రాలినవి. అమ్మ వాటిని చూచినది. తరువాత మా నుదుట హెల్మెట్టు ఒరసిన ఎఱ్ఱని గీత చూచినది.

"గుళ్ళో వడ్లు పంచారటే?"

అంతయు చెప్పివేసితిమి. పడినవాని సంగతియు దాచలేదు. ఆమె కోపపడునని, ఏడ్చునని ఎదురుచూచితిమి. ఆమె లేచి పోయి అన్నము వడ్డించినది. భోజనములైన పిమ్మట మావారివంక చూడకుండగనే అడిగినది:

"ఆ కుర్రాడి హెల్మెట్టు పగిలిందన్నారుగా. తల కేమీ కాలేదా?"

"లేదండీ. దెబ్బ అంతా అదే తీసుకుంది."

"అటక మీది మూట దింపు."

మావారు నిచ్చెన వేసి దింపిరి. 12 ఏండ్లకు మొదటిసారి ఆమె దానిని విప్పినది. పైన నిగనిగలాడుచునే యున్నది. లోపలి మెత్త ముట్టినంతనే పొడిపొడిగా రాలినది.

"ఇది ఆ కుర్రాడికి పనికొస్తుందా?"

పైకి బాగున్నను ఇన్నేండ్లకు లోపలి సరకు చివికిపోవుననియు, ఇది తలను కాయలేదనియు, పగిలినదానినిగూడ మరల వాడరాదనియు మావారు మెల్లగా చెప్పిరి. ఆమె కొంతసేపు దానిని ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. పిమ్మట తన పెట్టె తెఱచి, పింఛను సొమ్ములోనుండి నాలుగు 500 రూపాయల కాగితములు తీసి బల్లమీద పెట్టినది.

"ఐ.ఎస్.ఐ. గుర్తున్నది చూసి కొను. తలకి సరిపోయేలా వాణ్ణి కూడా తీసుకెళ్ళి కొను."

పాతదానిని మేమే మరల చీరలో చుట్టితిమి. మావారు నిచ్చెన ఎక్కిరి. మేము క్రిందినుండి అందించితిమి.